చదువు వీసాతో వెళ్లాలా, ఉద్యోగం వీసాతో వెళ్లాలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సందేహం చుట్టూనే ఉన్నాయి. దగ్గర దగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపేశాం. ఫీజులు, జీతాల పరిమితులు ఏటా మారేవే. దరఖాస్తు పెట్టే వారంలో ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరొక్కసారి సరిచూసుకోండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇంజనీరింగ్ అయ్యాక నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నాను. ఎంఎస్ చేస్తేనే బయట నిలదొక్కుకుంటావని కొందరు, ఉన్న అనుభవంతో నేరుగా ఉద్యోగం చూసుకోమని కొందరు అంటున్నారు. నాకు ఏది దగ్గరి దారి?

జవాబు: ఏ దేశమో మీరు రాయలేదు. జవాబంతా దాన్నిబట్టే ఉంటుంది. ఏ వీసా తేలిగ్గా వస్తుందన్న లెక్కతో బయల్దేరినవాళ్లు చాలామంది రెండేళ్లు తిరిగేసరికి ఇరుక్కుంటున్నారు. ఇప్పుడు తీసుకునే వీసా గడువు తీరే రోజుకు మీ చేతిలో ఇంకో వీసా ఉండాలి కదా. ఆ రెండో వీసా ఏది, దానికేం అడుగుతారు అన్నది ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి.

అమెరికా తీసుకుందాం. అక్కడి ఉద్యోగ వీసా హెచ్-1బికి మీరు స్వయంగా దరఖాస్తు పెట్టలేరు, కంపెనీయే పెట్టాలి. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. మార్చిలో రిజిస్ట్రేషన్, లాటరీలో ఎంపికైతే అక్టోబరు 1 నుంచి ఉద్యోగం. దీనికితోడు 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన ప్రకారం, దేశం బయట ఉన్నవాళ్ల కోసం కొత్తగా పిటిషన్ వేసే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. నాలుగేళ్ల అనుభవం ఉన్న మనిషి కోసం అంత కట్టే సంస్థ దొరకడం కష్టం. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి హెచ్-1బికి మారేవాళ్లకు ఆ లక్ష వర్తించదని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఆ తర్వాత స్పష్టం చేసింది. కాబట్టి అమెరికాయే కావాలంటే మీకు చదువు దారే ఉంది.

ఆ దారిలో మీరు అసలు సంపాదించుకునేది కాలం. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సయితే మరో 24 నెలలు. మే నెలలో కోర్సు ముగిసి జూన్‌లో ఓపీటీ మొదలైతే, ఆ 36 నెలల్లో మూడు మార్చి నెలలు వస్తాయి. అంటే లాటరీలో మూడు అవకాశాలు. స్టెమ్ కాని కోర్సయితే ఒక్కటే మార్చి. కోర్సు పేరులో కంప్యూటర్ అన్న మాట ఉన్నంత మాత్రాన అది స్టెమ్ కాదు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే ప్రవేశ పత్రం మీద కోర్సు పేరు పక్కన సబ్జెక్టును సూచించే ఆరంకెల సిప్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ప్రభుత్వ స్టెమ్ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూడండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు కూడా చెప్పాలి. ఓపీటీ దరఖాస్తును కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు పెట్టుకోవచ్చు. కాలేజీ అధికారి విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్ అయిన సెవిస్‌లో సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లో అది ఇమిగ్రేషన్ శాఖకు చేరాలి. 31వ రోజున చేరితే తిరస్కరిస్తారు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా గడిచిన రోజులు మొత్తం 90 దాటకూడదు. స్టెమ్ పొడిగింపుతో కలిపితే 150. చదువుతూ ఫుల్‌టైమ్ సీపీటీ (కోర్సులో భాగంగా చేసే ఉద్యోగం) 12 నెలలు చేసినవాళ్లకు ఆ డిగ్రీ మీద ఓపీటీయే ఉండదు. 11 నెలల దగ్గర ఆపడం తెలిసినవాళ్లు చేసే పని.

జర్మనీ అయితే లెక్క తిరగబడుతుంది. డిగ్రీ, అనుభవం రెండూ ఉన్న మీకు ఆఫర్ ఉంటే ఈయూ బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా నేరుగా వస్తుంది. 2026లో ఏడాది జీతం 50,700 యూరోలు ఉండాలి, ఐటీ లాంటి కొరత వృత్తుల్లో 45,934 యూరోలు చాలు. లాటరీ లేదు. ఆఫర్ లేకపోతే 2024 జూన్ నుంచి అమల్లో ఉన్న ఛాన్సెన్‌కార్టె అనే ఉద్యోగాన్వేషణ వీసా మీద ఏడాది పాటు అక్కడే ఉండి, వారానికి 20 గంటలు పనిచేసుకుంటూ ఉద్యోగం వెతుక్కోవచ్చు. ముందుగా చేయాల్సింది ఒకటే: అనాబిన్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో మీ యూనివర్సిటీ పక్కన హెచ్‌ ప్లస్ గుర్తు (గుర్తింపు ఉన్న సంస్థ అని) ఉందేమో, మీ డిగ్రీ జర్మన్ డిగ్రీకి సమానమని రాసి ఉందేమో చూసి, రెండు పేజీలూ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. డిగ్రీ అందులో లేకపోతే జడ్ఏబీ అనే సంస్థ నుంచి తుల్యతా పత్రం తెప్పించుకోవాలి. అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఇంటర్వ్యూలకంటే ముందే ఆ పని మొదలుపెట్టండి. మీలాంటివారు వీసా కోసమే అక్కడ రెండేళ్లు మాస్టర్స్ చేయడమంటే రెండేళ్ల జీతం వదులుకోవడమే. ఆ సబ్జెక్టు నిజంగా నేర్చుకోవాలని ఉంటే అది వేరే మాట.

ప్రశ్న: పార్ట్‌టైమ్ చేసుకుంటే ఫీజు దానంతటదే తీరిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. ఆ మాట నమ్మి వెళ్లొద్దు. ఇంటి అద్దె, తిండి ఖర్చుల్లో కొంత వస్తుంది, ఫీజు రాదు. అమెరికాలో మొదటి విద్యా సంవత్సరమంతా క్యాంపస్ లోపలే, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే. బ్రిటన్‌లో డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు 20, కెనడాలో క్యాంపస్ బయట 24. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు కలిపి 48. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అరపూటలు.

అసలు ప్రమాదం గంటలు లెక్కపెట్టే తీరులో ఉంది. బ్రిటన్‌లో వారమంటే సోమవారం నుంచి ఆదివారం వరకు. ఈ వారం 23 గంటలు చేసి వచ్చే వారం 17 చేస్తే సగటు 20 వచ్చినా, మొదటి వారం వీసా షరతు ఉల్లంఘించినట్టే. రెండు చోట్ల పనిచేస్తే రెండూ కలిపి లెక్క. జీతం తీసుకోకుండా చేసిన పని కూడా లెక్కలోకి రావచ్చు. ఇక ఫుడ్ డెలివరీ యాప్‌ల పని గంటల్లో ఒదిగినా సరే తప్పే, ఎందుకంటే ఆ పని స్వయం ఉపాధి కిందకు వస్తుంది, స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. స్నేహితుడి యాప్ ఖాతా వాడుకుని చేసేవాళ్లు ఇంకా పెద్ద చిక్కులో పడతారు.

కెనడా వెళ్లేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉన్నప్పుడు చేసిన పని, తర్వాత పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే పథకమైన కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో అనుభవంగా చెల్లదు.

ప్రశ్న: బ్యాంక్ బ్యాలెన్స్ చూపించడానికి తెలిసినవాళ్ల దగ్గర పది రోజులు సర్దుబాటు చేసుకుంటే సరిపోతుందా?

జవాబు: బ్రిటన్‌కు సరిపోదు. మొదటి ఏడాది ఫీజులో మిగిలిన బాకీ, తొమ్మిది నెలల వరకు జీవన వ్యయం కలిపి వచ్చిన మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు, దరఖాస్తు ఫీజు కట్టిన రోజుకు 31 రోజుల లోపలే ఉండాలి. స్టేట్‌మెంట్‌లో చివరి నిల్వ చూస్తారనుకుంటారు చాలామంది. చూసేది 28 రోజుల్లో అతి తక్కువ నిల్వ. మీరు చూపించాల్సింది 20,000 పౌండ్లనుకోండి. 19వ రోజున బ్యాంకు ఏదో సర్వీస్ ఛార్జీ కోసుకుని నిల్వ 19,998 అయింది. మర్నాడు మీరు వెయ్యి వేసినా, 28 రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచే. అందుకే కావలసిన దానికంటే నాలుగైదు శాతం ఎక్కువ ఉంచి, ఆ ఖాతాకు కార్డు, ఆటో డెబిట్ ఏవీ లేకుండా చూసుకోండి. మారక విలువ పడిపోయినా ఆ అదనమే కాపాడుతుంది.

జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పున మీ చేతికే వస్తాయి. కెనడాకు ఒక్కరికి 22,895 కెనడా డాలర్లు, ఫీజు, ప్రయాణ ఖర్చు కాకుండా. ఏ దేశానికైనా అప్పటికప్పుడు వచ్చిపడిన పెద్ద మొత్తం గురించి ఎక్కడిదని అడుగుతారు. విద్యారుణమైతే బ్యాంకు మంజూరు పత్రం దాచుకోకుండా చూపండి, అప్పు తీసుకోవడం తప్పు కాదు. చేబదులును సొంత పొదుపుగా చూపడమే అబద్ధం.

ప్రశ్న: నా భార్య కూడా ఉద్యోగస్తురాలే, మూడేళ్ల పాప ఉంది. ముగ్గురం కలిసి వెళ్లాలంటే ఏ వీసా మంచిది?

జవాబు: మీ ప్రశ్న చాలామంది వీసా చేతికొచ్చాక అడుగుతారు. ముందే అడగడం మంచిదైంది. బ్రిటన్‌లో 2024 జనవరి 1 తర్వాత మొదలైన మామూలు మాస్టర్స్ కోర్సులకు భార్యాపిల్లలను తీసుకెళ్లడం కుదరదు. పీహెచ్‌డీ, పరిశోధన డిగ్రీలకు కుదురుతుంది. అదే డిగ్రీ స్థాయి ఉద్యోగంతో స్కిల్డ్ వర్కర్ వీసా అయితే ముగ్గురూ వెళ్లొచ్చు, ఆవిడ ఉద్యోగమూ చేసుకోవచ్చు. అమెరికాలో మీరు ఎఫ్-1 అయితే ఆవిడ ఎఫ్-2, ఉద్యోగం పూర్తిగా నిషేధం. మీరు హెచ్-1బికి మారినా ఆవిడకు హెచ్-4 (భాగస్వామి వీసా) మీద పని అనుమతి సాధారణంగా మీ ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమయ్యాకే. ఈలోగా ఆవిడ వృత్తిలో ఎన్నేళ్ల ఖాళీ వస్తుందో ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. కెనడాలో 16 నెలలు, అంతకు మించిన మాస్టర్స్ అయితే జీవిత భాగస్వామికి ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకునే ఓపెన్ వర్క్ పర్మిట్ దొరుకుతుంది, ఏడాది మాస్టర్స్‌కు దొరకదు. ఆస్ట్రేలియాలో మీ మాస్టర్స్ తరగతులు మొదలైతే ఆవిడకు గంటల పరిమితి ఉండదు. జర్మనీ బ్లూ కార్డ్ అయితే ఆవిడకు జర్మన్ భాషా పరీక్ష అక్కర్లేదు, వెళ్లిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు.

ఆవిడ అర్హతలు మీకంటే బలంగా ఉంటే ప్రధాన దరఖాస్తు ఆవిడ పేరుమీదే పెట్టండి. ఈ ఆలోచనే చాలా ఇళ్లలో రాదు.

ప్రశ్న: మా అమ్మాయికి బ్రిటన్‌లో ఉద్యోగమంటూ ఆఫర్ లెటర్ వచ్చింది. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కోసం పెద్ద మొత్తం ముందే కట్టమంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. స్పాన్సర్ లైసెన్సు, సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఖర్చులు ఆ కంపెనీయే పెట్టుకోవాలి. స్కిల్డ్ వర్కర్ వీసాలో వాటిని ఉద్యోగి నుంచి వసూలు చేస్తే వాళ్ల లైసెన్సే పోతుంది. మీ అమ్మాయి కట్టాల్సినవి వీసా దరఖాస్తు ఫీజు, ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి. అవి కూడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే, ఎవరి సొంత ఖాతాలోనూ కాదు.

ఆ లెటర్ ముందు పెట్టుకుని ఈ వరుసలో చూడండి. కంపెనీ పేరు బ్రిటన్ హోం శాఖ ప్రకటించే లైసెన్సు పొందిన స్పాన్సర్ల జాబితాలో, స్కిల్డ్ వర్కర్ విభాగంలో, అక్షరం పొల్లుపోకుండా ఉందా? ఊరి పేరు కలుస్తోందా? నాలుగంకెల వృత్తి కోడ్ ఇచ్చారా? ఆ కోడ్ కింద ప్రభుత్వం రాసిన పనుల పట్టికకూ, లెటర్‌లో చెప్పిన పనికీ పొంతన ఉందా? జీతం ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు, లేదా ఆ వృత్తికి నిర్ణయించిన రేటు, ఏది ఎక్కువైతే అది ఉందా? వారానికి ఎన్ని గంటలో రాశారా? ఇంటర్వ్యూ చేసినవాళ్లు పని గురించి లోతుగా అడిగారా, లేక పాస్‌పోర్టు కాపీ మాత్రమే అడిగారా? మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందా? జాబితాలో ఉన్న అసలు కంపెనీ పేరునే వాడుకుని మోసం చేసేవాళ్లున్నారు కాబట్టి, లెటర్‌లోని నంబరుకు కాకుండా ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోని నంబరుకు మీరే ఫోన్ చేసి అడగండి.

ఉద్యోగం వృద్ధుల సంరక్షణకు సంబంధించిన కేర్ వర్కర్ పోస్టయితే ఇంకేమీ చూడనక్కర్లేదు. 2025 జూలై 22 నుంచి ఆ పనికి విదేశాల నుంచి కొత్త నియామకాలు ఆపేశారు. కెనడా పేరుతో ఎల్ఎంఐఏ (విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే అనుమతి) అమ్ముతామనేవాళ్ల సంగతీ అంతే. దానికి ప్రభుత్వ ఫీజు వెయ్యి కెనడా డాలర్లు, కట్టాల్సింది యజమాని, ఉద్యోగి నుంచి రాబట్టుకోవడం నిషేధం.

దొంగ కాగితాలతో దరఖాస్తు పెడితే డబ్బు పోవడంతో ఆగదు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే బ్రిటన్ పదేళ్లు, కెనడా అయిదేళ్లు రానివ్వవు. కాగితాలు ఏజెంటు తయారుచేశాడు, మాకు తెలియదు అంటే కుదరదు.

ఆఫర్ నిజమైనదే అని తేలితే ఇంకొక్కటి ఆలోచించుకోవాలి. ఉద్యోగం వీసా కంపెనీతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే బ్రిటన్‌లో సాధారణంగా 60 రోజులు, అమెరికా హెచ్-1బిలోనూ గరిష్ఠంగా 60 రోజులు, ఆస్ట్రేలియాలో ఒక విడతకు 180 రోజులు. ఆ గడువులోపు ఇంకో స్పాన్సర్ దొరకాలి. కనీసం మూడు నెలల ఖర్చు, తిరుగు టికెట్ డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచమని అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న: బ్రిటన్‌కు స్టూడెంట్ వీసా మీద వెళ్లి, రెండు నెలల తర్వాత కోర్సు మానేసి వర్క్ వీసాకు మారొచ్చా?

జవాబు: 2023 జూలై 17 నుంచి ఆ దారి మూసేశారు. కోర్సు పూర్తికావాలి, లేదా ఉద్యోగం మొదలయ్యే తేదీ కోర్సు ముగిసే తేదీ తర్వాతదై ఉండాలి. పీహెచ్‌డీ వాళ్లకు 24 నెలలు నిండితే చాలు. పూర్తిచేసినవాళ్లకు స్పాన్సర్ లేకుండానే పనిచేసుకునే రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా ఉంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు అది 18 నెలలే, పీహెచ్‌డీకి మూడేళ్లు. అందులో ఉండగా వర్క్ వీసాకు మారితే కొత్తగా చేరినవాళ్ల కేటగిరీలో జీతం పరిమితి 41,700కు బదులు 33,400 పౌండ్లు. ఈ రాయితీ మొత్తం నాలుగేళ్లే, గ్రాడ్యుయేట్ వీసాలో గడిపిన కాలం కూడా అందులోంచే పోతుంది. అందుకని ఆ రెండేళ్లూ చిన్నాచితకా పనులతో గడిపేసి చివరి మూడు నెలల్లో స్పాన్సర్‌ను వెతికితే, చేతిలో రాయితీ కూడా సగమే మిగులుతుంది.

ప్రశ్న: కెనడాలో ఫీజు తక్కువని ఎనిమిది నెలల కాలేజీ కోర్సు చూస్తున్నాను. ముందు అక్కడికి చేరితే తర్వాత చూసుకోవచ్చు కదా?

జవాబు: చదువు తర్వాత ఇచ్చే పీజీడబ్ల్యూపీ అనే వర్క్ పర్మిట్ జీవితంలో ఒక్కసారే. ఎనిమిది నెలల కోర్సుకు వచ్చేది ఎనిమిది నెలల పర్మిట్. ఆ తర్వాత మంచి మాస్టర్స్ చేసినా రెండోసారి ఇవ్వరు. మాస్టర్స్ డిగ్రీ అయితే ఎనిమిది నెలలు దాటిన కోర్సుకు కూడా మూడేళ్లు వస్తుంది. కాలేజీ కోర్సులకు ఇప్పుడు అనుమతించిన రంగాల జాబితా వేరే ఉంది, దానికితోడు భాషా పరీక్ష ఫలితం కూడా కావాలి. పాస్‌పోర్టు సంగతీ చూసుకోండి. దాని గడువు ఏడాదిలో తీరిపోతుంటే మూడేళ్ల పర్మిట్‌ను ఏడాదికే కుదిస్తారు. వెళ్లేముందే కొత్తది తీసుకోవడం మేలు.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, పదేళ్ల అనుభవం. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చేసి అక్కడే ఉండిపోవాలని ఉంది.

జవాబు: ఆ లెక్క మీకు పనికిరాదు. చదువయ్యాక పని చేసుకునే 485 వీసాకు 2024 జూలై 1 నుంచి వయసు పరిమితి 35. రీసెర్చ్ మాస్టర్స్, పీహెచ్‌డీ చేసినవాళ్లకు మాత్రం 50. మీరు మామూలు మాస్టర్స్ చేస్తే కోర్సు అయిన వెంటనే చేతిలో ఏ వీసా ఉండదు.

మీ పదేళ్ల అనుభవానికి తగ్గవి వేరే ఉన్నాయి. 189, 190 వీసాలు నేరుగా శాశ్వత నివాసానికి, ఆహ్వానం వచ్చేనాటికి 45 నిండకూడదు. స్పాన్సర్ దొరికితే 482 వీసాకు గత అయిదేళ్లలో ఏడాది ఫుల్‌టైమ్ అనుభవం చాలు. 189, 190లకు ముందుగా మీ వృత్తికి నిర్ణయించిన సంస్థతో స్కిల్ అసెస్‌మెంట్ చేయించుకోవాలి. దానికి పాత యజమానుల నుంచి కంపెనీ లెటర్‌హెడ్ మీద చేసిన పనులు, తేదీలు, వారానికి గంటలు, జీతం రాసిన లేఖలు కావాలి. అనుభవం ఉందని ఒక్క వాక్యం రాసిన లేఖ చెల్లదు. పదేళ్ల క్రితం నాటి మేనేజర్లు ఉద్యోగాలు మారేలోపు, కంపెనీలు మూతపడేలోపు ఆ లేఖలు ఈ నెలలోనే సేకరించడం మొదలుపెట్టండి. ఇంగ్లిష్ పరీక్ష దాని తర్వాతే రాయండి, ఆ స్కోరు గడువు మూడేళ్లే.